ఖాళీ షెల్స్, చింతపండు, అమ్మోనియా

ఆదివారం. దేవుడి గదిలో కుందులు, చెంబులు ముందేసుకొని చింతపండుతో తోముతుంటే తమ్ముడి వీడియో కాల్ వచ్చింది. టెక్సాస్‌లో వాడికి శనివారం రాత్రి. ఈ మధ్య రైఫిల్ షూటింగ్ నేర్చుకుంటున్నాడు, కాల్చేశాక కింద పడిన ఖాళీ షెల్స్, అంటే తూటాల ఇత్తడి తొడుగులు, ఏరుకొచ్చి మళ్లీ నింపుకుందామని సరంజామా అంతా కొనేశాడు. మన దగ్గరైతే 1959 ఆయుధ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయడం నేరం, అక్కడ సొంత వాడకానికి చేసుకోవచ్చు. విన్న దగ్గర్నుంచి అమ్మకు ఒకటే టెన్షన్. నాకూ భయమే, అందుకే అన్నీ కెమెరా ముందు పెట్టి చూపించమన్నాను.

"అక్కా, వీటిని ఇంట్లో ఉన్న క్లీనర్‌తో కడిగేయనా?" అన్నాడు. సీసా మీద ఏముందో చదవరా అంటే అమ్మోనియా అని చదివాడు. అస్సలు వద్దన్నాను. షెల్ ఇత్తడిలో 70 శాతం రాగి, 30 శాతం జింకు ఉంటాయి, సాగదీసి తయారు చేస్తారు కాబట్టి లోహంలో ఒత్తిడి మిగిలిపోతుంది, దానికి అమ్మోనియా తగిలితే పగుళ్లు పడతాయి. ఈ సంగతి బయటపడింది మన దేశంలోనే. వానాకాలంలో బ్రిటిష్ సైన్యం గుర్రపుశాలల్లో దాచిన తూటాలు వాటంతటవే పగిలిపోయేవి. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియానే కారణమని 1921లో గానీ తేలలేదు. కాలేజీలో ఈ కథ చెప్పినప్పుడల్లా వెనక బెంచీ పిల్లలు కూడా తలెత్తి వింటారు. కొంచెం సిట్రిక్ యాసిడ్ కలిపిన గోరువెచ్చటి నీళ్లతో కడిగి, మంచినీళ్లలో జాడించి, లోపల తడి లేకుండా ఆరబెట్టుకోమన్నాను. నా చేతిలో చింతపండు చేసేదీ అలాంటి పనే.

ఆరిపోయినవి ముందే కొన్ని ఉన్నాయి, అన్నీ .308 విన్‌చెస్టర్ అనే రకం రైఫిల్ తూటాలవే. ఒక్కోటి లైటు కింద తిప్పి చూపించాడు. మూతి దగ్గర చీలిక ఉంటే అది కంటికే తెలిసిపోతుంది. నాకు గుండె ఝల్లుమన్నది ఇంకో దాన్ని చూసి. అడుగుకు కొంచెం పైన చుట్టూ సన్నగా మెరిసే గీత, మిగతాదంతా మామూలు రంగే. కొన వంచిన తీగను లోపలికి దించి గోడ వెంట పైకి లాగితే సరిగ్గా అక్కడే గాడిలో తట్టుకుంది. అంటే లోపల గోడ సాగి పల్చబడింది, మళ్లీ కాలిస్తే అక్కడ రెండు ముక్కలై వేడి గ్యాసు కాల్చేవాడి మొహం వైపు రావచ్చు.

"గీత చాలా సన్నగా ఉంది కదక్కా, ఇంకొక్కసారికి రాదా?" అన్నాడు.

"రేయ్, దాని ఖరీదెంత, నీ కళ్ల ఖరీదెంత?" అని గట్టిగానే అన్నాను. ఇంకేం మాట్లాడకుండా పట్టకారుతో మూతి నలిపేసి చెత్తలో వేశాడు, అలా నలిపితే పొరపాటున కూడా మంచివాటిలో కలవదు.

మిగిలినవాటికి జారేలా ల్యూబ్ రాసి, ఉబ్బిన షెల్‌ను మళ్లీ అసలు కొలతకు నొక్కే సైజింగ్ డై అనే అచ్చులో వేయాలట, రాయకపోతే షెల్ అందులోనే ఇరుక్కుపోతుంది. సైజింగ్‌లో షెల్ సాగుతుంది కాబట్టి పొడవు ఆ తర్వాతే కొలవాలని, 2.015 అంగుళాలు దాటితే కోసి 2.005కి తేవాలని మాన్యువల్ తీసి నాకే చదివి వినిపించాడు. శ్రద్ధగానే ఉన్నాడు, అది చూశాక కాస్త ధైర్యం వచ్చింది.

అమ్మ ఫోన్ లాక్కుంది. పక్కన అనుభవమున్న మనిషి లేకుండా తుపాకీ మందు డబ్బా మూత తీయనని వాడిచేత ఒట్టు వేయించుకుంది. ఆ మూత తీసే రోజు నాకూ కాల్ చేయమన్నాను, అర్ధరాత్రయినా సరే.