ద్వారం దగ్గర నిలబడిన మేనమామ

భారతంలో చెడ్డవాళ్లెవరని అడిగితే మనవాళ్లు వెంటనే చెప్పే పేర్లు దుర్యోధనుడు, దుశ్శాసనుడు, శకుని. కాస్త చదువుకున్నవాళ్లయితే అశ్వత్థామ పేరు కూడా కలుపుతారు. కృపాచార్యుడి పేరు చెప్పినవాళ్లను నేను చూడలేదు. నన్ను మాత్రం కొన్నేళ్లుగా నిద్రపోనివ్వనిది ఆయనే. మనిషి ఎంత ఘోరం చేయగలడన్నది చాలా పుస్తకాలు చూపిస్తాయి. ఎలాంటి మనిషి చేయగలడన్నది, యుద్ధం అయిపోయిన రాత్రి నిద్రపోతున్నవాళ్లను చంపిన కథ చెప్పే సౌప్తికపర్వం చూపించినంత దగ్గరగా నేను ఇంకెక్కడా చదవలేదు.

నేను సెషన్స్ కోర్టులో స్టెనోగా పనిచేసి రిటైరయ్యాను. సాక్షుల వాంగ్మూలాలు, ముద్దాయిల జవాబులు, చివరికి తీర్పులు టైపు చేయడమే నా ఉద్యోగం. వాటిలో ఎక్కువ భాగం హత్య కేసులు. అందుకే కావచ్చు, ఈ పర్వాన్ని నేను పురాణంలా చదవలేకపోతున్నాను.

సౌప్తికం చదివేవాళ్లు తక్కువ. రాయబారం పద్యాలు నోటికొచ్చినవాళ్లు ఇప్పటికీ ఊళ్లలో ఉన్నారు. వానలు పడకపోతే విరాటపర్వం చదివించేవాళ్లు. సౌప్తికాన్ని ఏ శుభం కోరీ ఎవరూ చదవరు. తిక్కనగారు విరాటం నుంచి చివరిదాకా పదిహేను పర్వాలు తెలుగు చేశారు కాబట్టి ఇదీ మనకు తెలుగులో ఉంది. నేను మొదట చదివింది ఆయన తెలుగే. తర్వాత సంస్కృతమూలాన్ని తాత్పర్యం పక్కన పెట్టుకుని నెమ్మదిగా చదివాను. ఇక్కడ నేను చెప్పే వివరాలు వ్యాసుడివి.

పద్దెనిమిదో రోజు యుద్ధం అయిపోయింది. తొడలు విరిగి దుర్యోధనుడు నేల మీద పడి ఉన్నాడు. కౌరవుల వైపు మిగిలింది ముగ్గురు: అశ్వత్థామ, యాదవవీరుడు కృతవర్మ, కృపుడు. ఆ స్థితిలో కూడా దుర్యోధనుడు అశ్వత్థామను సేనాపతిని చేయమన్నాడు. కలశంతో నీళ్లు తెచ్చి అభిషేకం చేసింది కృపుడే. అశ్వత్థామ తల్లి కృపికి ఈయన తోడబుట్టినవాడు. అంటే మేనమామ.

రాత్రికి ముగ్గురూ పాండవుల శిబిరానికి దగ్గర్లో అడవిలో ఒక పెద్ద మర్రిచెట్టు కిందికి చేరారు. ఒళ్లంతా గాయాలతో ఉన్న పెద్దవాళ్లిద్దరూ కటిక నేల మీదే నిద్రపోయారు. అశ్వత్థామకు నిద్ర పట్టలేదు. చెట్టు నిండా కాకులు. చడీచప్పుడూ లేకుండా ఒక గుడ్లగూబ వచ్చి, నిద్రలో ఉన్న కాకుల రెక్కలూ తలలూ కాళ్లూ తెంచేసింది. ఆ పక్షి తనకు ఉపదేశం చేసిందనుకున్నాడు అశ్వత్థామ. మామను, కృతవర్మను లేపి సంగతి చెప్పాడు. మొదట ఇద్దరికీ సిగ్గేసింది, జవాబు రాలేదు అంటాడు వ్యాసుడు. ఆ సిగ్గు గుర్తుపెట్టుకోవాలి. వాళ్లకు విషయం మొదటి క్షణంలోనే అర్థమైంది.

తర్వాత కృపుడు మాట్లాడిన తీరు చూస్తే ఆయన మీద గౌరవం పెరుగుతుంది. దైవం గురించి, పురుషప్రయత్నం గురించి ఓపిగ్గా చెప్పాడు. ధృతరాష్ట్రుడినీ గాంధారినీ విదురుడినీ అడుగుదాం, వాళ్లు ఏది మంచిదంటే అది చేద్దాం అన్నాడు. ఈ రాత్రికి పడుకో, పొద్దున్నే నేనూ కృతవర్మా నీతో వస్తాం, ఎదురుగా నిలబడి యుద్ధం చేద్దాం అన్నాడు. కోపంలో ఉన్న కుర్రాడిని తెల్లారేదాకా ఆపగలిగితే చాలని తెలిసిన పెద్దమనిషి మాటలవి. అశ్వత్థామ వినలేదు. బాధలో ఉన్నవాడికి, కోపంతో రగిలేవాడికి, డబ్బు గురించి ఆలోచించేవాడికి, కోరికతో వేగేవాడికి నిద్రెక్కడిది మామా, ఆ నాలుగూ ఈ రాత్రి నాలోనే ఉన్నాయి అన్నాడు.

అప్పుడు కృపుడు ధర్మం చెప్పాడు. నిద్రపోతున్నవాడిని చంపడాన్ని లోకం మెచ్చదు. ఆయుధం కింద పెట్టినవాడిని, రథమూ గుర్రాలూ విడిచినవాడిని, నీవాడినన్నవాడిని, శరణన్నవాడిని, జుట్టు విడిపోయినవాడిని చంపకూడదు. నీలో ఇంతవరకు ఇసుమంత మచ్చ లేదు, ఈ పని చేస్తే తెల్లటి దాని మీద నెత్తురు పడ్డట్టు ఉంటుంది అని కూడా అన్నాడు.

అశ్వత్థామ జవాబు చదివిన ప్రతిసారీ నా చేతులు చల్లబడతాయి. కాదనడు. నువ్వు చెప్పింది నిజమే మామా అంటాడు. కానీ ధర్మమనే వంతెనను వాళ్లు ఎప్పుడో నూరు ముక్కలు చేశారు కదా అని, వరసగా లెక్క చెబుతాడు. మా నాన్న ఆయుధం వదిలేశాక ధృష్టద్యుమ్నుడు తల నరికాడు. రథచక్రం కూరుకుపోయి ఉండగా కర్ణుడిని చంపారు. శిఖండిని అడ్డం పెట్టుకుని భీష్ముడిని పడగొట్టారు. ప్రాయోపవేశంలో కూర్చున్న భూరిశ్రవసుడిని సాత్యకి నరికాడు. నాభి కింద కొట్టకూడదన్న గదాయుద్ధంలో మా రాజు తొడలు విరగ్గొట్టారు. మా నాన్నను చంపినవాళ్లను నిద్రలో చంపితే వచ్చే జన్మలో పురుగై పుట్టినా సరే అంటాడు.

ఈ లెక్కలో ఒక్కటీ అబద్ధం కాదు. తన కవిత్వంలో గెలిచినవాళ్ల మోసాలను దాచకుండా, వాటిని ఘోరం చేయబోయే మనిషి నోటనే చెప్పించాడు వ్యాసుడు. కొడుకు పేరే ఉన్న ఏనుగును చంపించి, అబద్ధమూ నిజమూ కలిపిన మాటతో ద్రోణుడి చేత విల్లు వదిలించిన సంగతి మనకు సామెతలాగే మిగిలింది కదా, అశ్వత్థామ హతః కుంజరః అని. తండ్రి చావులో తన పేరునే వాడుకున్నారన్న మంట ఆ కొడుక్కి ఉండటంలో వింతేముంది?

కోర్టులో కారణం లేకుండా చంపినవాడిని నేను దాదాపు చూడలేదు. గట్టు జరిపారు, చెల్లెలిని నలుగురిలో అన్నారు, అన్నను కొట్టి కేసు లేకుండా చేసుకున్నారు. ముద్దాయిని జడ్జిగారు సాక్ష్యం మీద ఒక్కొక్క ప్రశ్నే అడిగి జవాబు రాయించేవారు, అప్పటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 313 సెక్షన్ కింద. చాలామంది తెలియదు, అబద్ధం అని సరిపెట్టేవాళ్లు. అప్పుడప్పుడు ఒకరు మాత్రం గుండె బరువు దించుకుంటున్నట్టు మొత్తం లెక్క చెప్పేవాడు. ఆ లెక్క చాలాసార్లు నిజమే. టైపు చేస్తున్న నాకు కూడా, ఒక్క నిమిషం, అవును కదా అనిపించేది. తర్వాత పోస్టుమార్టం రిపోర్టు మార్కు చేసే పేజీ వచ్చేది. గట్టు జరిపినవాడి పదో తరగతి చదివే కొడుకు ఒంటి మీద ఎన్ని గాయాలో వరసగా ఉండేవి. ఆ లెక్కకీ ఈ లెక్కకీ సంబంధమేమిటో ఎవరూ చెప్పలేకపోయేవాళ్లు.

శిబిరం వాకిట్లో అశ్వత్థామకు ఒక మహాభూతం అడ్డం నిలిచింది. వేసిన ఆయుధాలన్నిటినీ మింగేసింది. చివరికి తననే అగ్నికి అర్పించుకోబోతే శివుడు కనిపించి, ఖడ్గమిచ్చి, అతని ఒంట్లోకి ప్రవేశించాడు. ఈ ఘట్టం పట్టుకుని, అది రుద్రుడి పని, వాళ్లకు కాలం తీరింది అనేవాళ్లున్నారు. మా సత్సంగంలోనూ ఒకాయన గట్టిగా అలాగే అన్నారు. నేను దేవుడిని నమ్మేవ్యక్తినే. కాలం తీరిందని వ్యాసుడూ అన్నాడు, కాదనను. కానీ కృపుడి ఒంట్లోకి ఎవరూ ప్రవేశించలేదు. ఆయన తన కాళ్ల మీద నడిచి వచ్చాడు.

అదెలా జరిగిందో చూడండి. వాదన తెగలేదు. అశ్వత్థామ లేచి ఒంటరిగా గుర్రాలు కట్టుకున్నాడు. ఎక్కడికని ఇద్దరూ అడిగారు. నీ కష్టమూ సుఖమూ మాకూ సమానమే, మమ్మల్ని అనుమానించకు అన్నారు. అతను చెప్పాడు, బయల్దేరాడు, వీళ్లు వెనక వెళ్లారు. ఇంతే. ధర్మం గురించి అంతసేపు మాట్లాడినవాడు మనసు మార్చుకున్నట్టు ఒక్క శ్లోకం లేదు. మార్చుకోలేదు కాబట్టే లేదని నా నమ్మకం. అది తప్పని ఆయనకు దారంతా తెలుసు. మేనల్లుడిని ఒంటరిగా పంపలేకపోయాడు.

లోపల జరిగింది అందరూ చెప్పుకునేదే. ధృష్టద్యుమ్నుడిని కాలితో తన్ని లేపడం, ఆయుధంతోనైనా చంపమని అతను అడిగితే గురువును చంపినవాడికి ఆ అర్హత లేదని మడమలతో మర్మస్థానాల్లో తన్ని చంపడం, ద్రౌపది కొడుకులు ఐదుగురు, శిఖండి. నాకు ముఖ్యం ద్వారం. ఒక్కడు కూడా ప్రాణంతో బయటికి పోకూడదు అని చెప్పి అశ్వత్థామ లోపలికి వెళ్లాడు. నిద్రలోంచి లేచి, ఏం జరుగుతోందో తెలియక బయటికి పరుగెత్తినవాళ్లను ద్వారం దగ్గర కృపుడూ కృతవర్మా చంపారు. వాళ్లెలా ఉన్నారో వ్యాసుడు ఆగి చెబుతాడు. కవచాలు ఊడి, ఆయుధాలు లేక, జుట్టు విడిపోయి, చేతులు జోడించి, నేల మీద వణుకుతూ ఉన్నారు. ఒక్కరినీ వదల్లేదు.

ఆయుధం లేనివాడు, జుట్టు విడిపోయినవాడు, శరణన్నవాడు. కొద్ది గంటల ముందు చంపకూడదని చెట్టు కింద కృపుడు చెప్పిన పట్టీ ఇదే. అక్కడ విముక్తమూర్ధజులు అన్న మాట ఇక్కడ ముక్తకేశులుగా తిరిగి వచ్చింది. ఆ రెండు చోట్లా వేలు పెట్టుకుని ఒకసారి చదవండి. కవి ఒక్క నింద మాట అనలేదు. నాకైతే అంతకంటే పెద్ద తీర్పు ఏ కోర్టులోనూ టైపు చేసిన గుర్తు లేదు. ఆ తర్వాత ఆ ఇద్దరే శిబిరానికి మూడు చోట్ల నిప్పు పెట్టారు, లోపల ఉన్నవాడికి వెలుతురు ఉంటుందని.

పొలం తగాదాలో జరిగిన ఒక కేసు నాకు ఇప్పటికీ కళ్లముందు ఉంది. ముద్దాయిలు ముగ్గురు. ఏ1 కుర్రాడు, ఏ3 అతని మేనమామ, ఊళ్లో నలుగురూ మాట వినే మనిషి. సాయంత్రం అరుగు మీద ఆయన కుర్రాడిని వద్దురా అని బతిమాలడం చూసిన సాక్షులున్నారు. ప్రాసిక్యూషన్ సాక్షులే ఆ మాట చెప్పారు. రాత్రి ఆయన సందు చివర టార్చిలైటు పట్టుకుని నిలబడ్డాడు. తప్పించుకుని సందులోకి వచ్చిన మనిషి మీదికి లైటు వేశాడు. వద్దన్నవాడు ఎలా కలుస్తాడు అని డిఫెన్సు లాయరు చాలాసేపు వాదించారు. ఐదుగురు లేరు కాబట్టి అప్పటి పీనల్ కోడ్‌లో గుంపు నేరానికి పెట్టే 149 సెక్షన్ రాదు, 34 సెక్షన్, అంటే అందరిదీ ఒకే ఉద్దేశమని పెట్టారు. 313లో ఆయన చెప్పింది ఒకటే మాట: నేను వద్దనే చెప్పానండీ. అబద్ధం చెబుతున్నట్టు లేదు ఆ గొంతు. తను మంచి మాట చెప్పాడన్నదే ఆయనకు గుర్తుంది. మంచి మాట చెప్పేశాక తన వంతు అయిపోయిందనుకుని, మిగతాది బంధుత్వం కోసం చేసినట్టున్నాడు.

నాకు అశ్వత్థామలో నేను కనిపించను. అంత మంట నాలో లేదు. కృపుడిలో కనిపిస్తాను, మా ఇంటివాళ్లు కనిపిస్తారు. ఇది తప్పు అని నాలుగుసార్లు చెప్పి, తర్వాత మనవాడు కదా అని వెంట నడిచినవాళ్లు ఏ కుటుంబంలో లేరు? కోడలిని వేధించే ఇంట్లో కొడుకును మందలించిన మామగారు, కోడలు గడప దాటబోతే పరువు పోతుందని తలుపు మూసేస్తాడు. మందలించినది నిజం, తలుపు మూసినదీ నిజం.

తర్వాత ముగ్గురికీ ఏమైందో భారతం ఒక్కో రకంగా చెప్పింది. అశ్వత్థామను కృష్ణుడు శపించాడు: మూడు వేల ఏళ్లు తోడు లేకుండా, నెత్తురూ చీమూ కంపుతో తిరగమని. ముప్పై ఆరేళ్ల తర్వాత ప్రభాసతీర్థంలో, నిద్రపోయేవాళ్లను చంపిన క్షత్రియుడివి నువ్వని సాత్యకి కృతవర్మను దెప్పాడు. మాటకు మాట పెరిగి అక్కడే తల నరికాడు. యాదవకులమంతా కొట్టుకు చచ్చింది ఆ మాటతో మొదలై.

కృపుడికి ఏమీ కాలేదు. స్త్రీపర్వంలో దారిలో ఎదురైన గాంధారికి, నీ కొడుకులు వీరులై పోయారు, మేము కూడా ఇలా పగ తీర్చుకున్నాం అని చెప్పింది ఆయనే. పశ్చాత్తాపం ఒక్క ముక్క లేదు. తర్వాత హస్తినాపురం వెళ్లిపోయాడు. అశ్వత్థామ అస్త్రం ఉత్తర గర్భం మీద పడింది కదా, ఆ గర్భంలోని పిల్లవాడు బతుకుతాడని చెబుతూ, శాపమిచ్చిన చోటే కృష్ణుడు ఇంకో మాట అన్నాడు: పరీక్షిత్తు పెరిగి పెద్దవాడై, కృపుడి దగ్గర అస్త్రవిద్య నేర్చుకుంటాడు. అన్నట్టే, మహాప్రస్థానానికి వెళ్లేముందు ధర్మరాజు మనవడిని శిష్యుడిగా ఆయనకే అప్పగించాడు.

గురువులందరూ యుద్ధంలో పోయారు, మిగిలినవాడు ఆయనొక్కడే, ఏం చేస్తారు అని మా సత్సంగంలో ఒకావిడ అంది. నిజం కావచ్చు. యుద్ధాల తర్వాత ఊళ్లు అలాగే నడుస్తాయి. నాకు మాత్రం ఆ పాఠాలు వినాలని ఉంటుంది. ఆయుధం లేనివాడిని కొట్టకూడదు, జుట్టు విడిపోయినవాడిని కొట్టకూడదు అని కృపుడు ఆ పిల్లవాడికి తప్పకుండా చెప్పే ఉంటాడు, ఆయనకు అది కంఠతా వచ్చు. వైశంపాయనుడు ఈ కథంతా చెబుతుంటే కూర్చుని వింటున్నది జనమేజయుడు, ఆ పరీక్షిత్తు కొడుకే. తండ్రికి విద్య నేర్పిన గురువు ద్వారం దగ్గర ఏం చేశాడో విన్నప్పుడు అతనికేమనిపించి ఉంటుంది?