ఝణ్ అనాల్సిన చోట తుప్

ఝణ్ అనాల్సిన చోట తుప్ అంది. కవాతు బ్యాండులో నా చేతుల్లోని రెండు సింబల్స్, అంటే పెద్ద తాళాల్లాంటి కంచు పళ్ళేలు, అతుక్కుపోయాయి. వాటిని విడదీయలేక లాగుతూ నిలబడ్డాను. డ్రమ్స్ వాళ్ళందరి చూపూ నా వైపే.

ఎదురెదురుగా సమంగా కొడితే మధ్యలో గాలి చిక్కుకుపోతుందట. అంచులు ఒకేసారి కలవకూడదు. కాస్త వాలుగా పట్టి, ఒక వైపు అంచు వెంట్రుకవాసి ముందు తగిలేలా కొట్టాలి, ఆ వెంటనే మిగతాది. చప్పట్లు కొట్టడం వచ్చు కదా, ఇందులో ఏముందిలే అనుకున్నాను. ఆ వెంట్రుకవాసి దగ్గరే గంట గడిచిపోయింది.

పైగా బరువు. ఒక్కోటి 18 అంగుళాలు, నూటికి 80 పాళ్ళు రాగి, 20 పాళ్ళు తగరం. నిఖార్సైన కంచు. తోలు పట్టీలో చెయ్యి దూర్చి మెలితిప్పి పట్టుకోవాలి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మం ఎర్రగా కందిపోయింది. భుజాల సంగతి అడక్కండి.

కొట్టాక ఆపడం ఇంకో తంటా. మోత ఆగాలంటే అంచుల్ని ఒంటికి ఆనించాలి. నేను ఆనించేసరికి మిగతావాళ్ళు రెండడుగులు ముందుకు వెళ్ళిపోయారు.

చివర్లో ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, సరిగ్గా తగిలింది. ఆ మోత మోచేతుల దాకా పాకింది.

మళ్ళీ కొట్టాను. తుప్.