కావలివారు ఉదయము కొరకు

"కావలివారు ఉదయముకొరకు కనిపెట్టుటకంటె ఎక్కువగా నా ప్రాణము ప్రభువుకొరకు కనిపెట్టుచున్నది."

బైబిలు 130వ కీర్తనలోని ఈ మాట చిన్నప్పటి నుంచీ చదువుతున్నదే. కనిపెట్టడం అంటే ఇక్కడ ఎదురుచూడడం. ఈ ఏడు లెంట్ దినాల్లో, అంటే ఈస్టర్‌కు ముందు వచ్చే ఉపవాస దినాల్లో, ఒక ఆర్గాన్ ప్రెలూడ్ నేర్చుకుంటుంటే అది నాకు కొత్తగా వినిపించింది.

1842లో మిషనరీ హయ్యర్ గారు గుంటూరు వచ్చిన నాటి నుంచి మన ఊళ్లో లూథరన్ సంఘం ఉంది. అయినా జర్మన్ స్వరకర్త బాఖ్ ఆర్గాన్ కోసం రాసిన ఈ చిన్న ప్రెలూడ్‌లు మా ఆరాధనలో నేనెప్పుడూ వినలేదు. సంఘం పాడబోయే కీర్తన రాగాన్ని ముందుగా వినిపించే రచనలివి. చాలావరకు జర్మనీలోని వైమార్‌లో ఉన్నప్పుడు రాశారు. ఒక పుస్తకంలో 164 ఆరాధన కీర్తనలకు పేజీలు కేటాయించుకుని 46 రచనలు పూర్తిచేశారు. ఆ పుస్తకం మొదటి పేజీలో, ఇది సర్వోన్నతుడైన దేవుని మహిమ కోసం, పొరుగువాడు నేర్చుకోవడం కోసం అని రాసుకున్నారు. ఆర్గాన్ కింద ఉండే పెడల్స్‌ను కాళ్ళతో వాయించడంలో ఆరితేరాలన్నది కూడా ఆ పేజీలోనే ఉంది.

మాకేమో కాళ్ళతో వాయించే ఆర్గాన్ లేదు. రెండు కీబోర్డులు పక్కపక్కన పెట్టి, కాళ్ళ భాగాన్ని మా తమ్ముడికి ఇచ్చాను. నాలుగు ప్రెలూడ్‌లు ఎంచుకున్నాం. ఆదాము పతనం మీద రాసినదాంట్లో కింది స్వరాలు మెట్లు జారినట్టు పడిపోతుంటాయి. వాడికి అది బాగా నచ్చింది. "యేసు ప్రభువా, నీకు మొఱ్ఱపెట్టుచున్నాను" అనే కీర్తన దగ్గరికి వచ్చేసరికి మాత్రం విసుక్కున్నాడు.

"అక్కా, నువ్వు రాగం వాయిస్తావు. నేను ఒకే స్వరం టక్ టక్ మని కొడుతూ కూర్చోవాలా?"

నిజమే. పైన కుడిచేయి మొఱ్ఱపెడుతుంది, ఎడమచేయి ఆగకుండా పారుతుంది. కింద మాత్రం ఒకే స్వరం మళ్ళీ మళ్ళీ పలికి, నెమ్మదిగా ఇంకో స్వరానికి జరుగుతుంది.

"ఒరేయ్, నాన్న కర్ర చప్పుడు గుర్తుందా?" అన్నాను.

మా నాన్న చాలా ఏళ్లు మిర్చి కోల్డ్ స్టోరేజీలో నైట్ వాచ్‌మన్‌గా చేశారు. సెలవుల్లో మేమూ వెళ్లి గేటు పక్క గదిలో పడుకునేవాళ్లం. మిర్చి ఘాటుకి దగ్గుతూ మధ్యలో మెలకువ వస్తే, గోడ అవతల సిమెంటు మీద ఆయన కర్ర టక్, టక్ అని వినిపించేది. ఆ చప్పుడు వింటూ మళ్ళీ నిద్రపోయేవాళ్లం. నాలుగు దాటాక గంటే కదలదు అనేవారు నాన్న. 130వ కీర్తనలో కూడా కావలివారి మాట వెంటనే రెండోసారి వస్తుంది. కనిపెట్టడం అంటే అదే కదా, మళ్ళీ అదే అడుగు వేయడం. మొఱ్ఱపెట్టేదీ, కనిపెట్టేదీ ఒకే ప్రాణం. నేను ఇన్నాళ్లూ మొఱ్ఱనే ప్రార్థన అనుకున్నాను.

వాడేం మాట్లాడలేదు. ఆ రోజు నుంచి తొందరపడడం మానేశాడు.

బుధవారం సాయంత్రం ఆరాధనలో టెన్షన్‌కి నా చేతులు చెమటపట్టాయి. మొఱ్ఱ ప్రెలూడ్ రెండో పాదంలో కుడిచేయి తప్పి ఆగిపోయింది. తమ్ముడు తల తిప్పలేదు. టక్, టక్. ఆ స్వరాలు లెక్కపెట్టుకుని మూడో పాదానికి కలిశాను.

తర్వాత పాస్టరు గారు 130వ కీర్తన చదివారు. వెనక బెంచీలో నాన్న, బైబిలు తెరవకుండానే, ఆయనతో పాటు పెదవులు కదుపుతున్నారు.