మిశ్రచాపులో నడక

కాలి నుంచి చెప్పు జారిపోయినా తెలియకుండా స్కూల్ గేటు దాకా నడిచాను. వాచ్‌మన్ పరుగున వచ్చి చేతికిచ్చాడు. ఇద్దరం నవ్వుకున్నాం. 2022 సెప్టెంబర్ సంగతిది. అంతకు పది రోజుల ముందు విరేచనాలు పట్టుకుని నాలుగు రోజుల్లో తగ్గాయి. వాటికీ ఈ చెప్పుకీ సంబంధం ఉంటుందని ఎవరనుకుంటారు?

మొదట చూసిన డాక్టరుగారు బలానికి మాత్రలు రాసి, "టెన్షన్ తగ్గించుకోండమ్మా" అన్నారు. మర్నాటికి మెట్టెక్కడానికి కాలు లేవలేదు. మూడో రోజు కుర్చీలోంచి లేపడానికే మావారు కావాల్సి వచ్చింది. ఇంకో ఆస్పత్రిలో న్యూరాలజిస్టు సుత్తితో మోకాలి కింద కొడితే కాలు ఉలకలేదు, పలకలేదు. వెన్నులోంచి నీరు తీశారు, నరాలకు కరెంటు పెట్టి చూశారు. గులియన్ బారీ సిండ్రోమ్ అన్నారు. క్రిమి మీద పడాల్సిన రక్షణ వ్యవస్థ పొరపాటున సొంత నరాల మీద పడుతుందట. కరెంటు తీగకున్న తొడుగు ఊడినట్టే. పాదాల దగ్గర మొదలై పైకి పాకుతుంది.

అసలు భయం కాళ్లు కాదు, ఊపిరి. రోజుకు నాలుగైదుసార్లు ఎవరో ఒకరు వచ్చి, "ఒక్క ఊపిరిలో ఎంతదాకా లెక్కపెట్టగలరో పెట్టండి" అనేవారు. లెక్కల టీచర్ని కదా, మొదట్లో ఉత్సాహంగానే పెట్టాను. చేరిన రోజు 31. మూడో రోజు 15. ఆ రాత్రి వెంటిలేటర్ కాగితం మీద మావారు సంతకం పెట్టేశారని చాలా రోజుల తర్వాత తెలిసింది. దాతల రక్తం నుంచి తీసే ఇమ్యునోగ్లోబులిన్ అనే మందు ఐదు రోజులు ఎక్కించారు. ఒంటి బరువు కిలోకి రోజుకు 0.4 గ్రాముల లెక్కన నా 60 కిలోలకి మొత్తం 120 గ్రాములు. నా గాజులు అంత తూగవు, కానీ అవి బ్యాంకుకి వెళ్తేనే ఇది వచ్చింది. ఆరో రోజు 19 దాకా లెక్కపెట్టాను. వెంటిలేటర్ అవసరం పడలేదు.

విశాఖ ఎంవీపీ కాలనీలో ఇంటికొచ్చేసరికి ఏడాకుల పాల చెట్లు పూసి ఉన్నాయి. 2014లో హుద్‌హుద్ తుఫాను ఊళ్లో చెట్లన్నీ పడగొట్టాక తొందరగా ఎదుగుతాయని వీటిని విరివిగా నాటారు. ఆ వాసనకి తలనొప్పి వస్తోందని విశాఖలో తిట్టుకోనివాళ్లు తక్కువ. నేనూ తిట్టినదాన్నే. ఆ రాత్రి మాత్రం కిటికీ వెయ్యొద్దన్నాను. ఇరవై రోజులు స్పిరిట్ వాసన పీల్చిన ముక్కు మరి.

ఫిజియోథెరపీ కుర్రాడు రోజూ వచ్చేవాడు. పాదం వేలాడకుండా ప్లాస్టిక్ పట్టీ, చేతికి రబ్బరు బంతి. ఆ బంతంటే నాకు ఒళ్లుమంట. కింది ఫ్లాట్‌లో సంగీతం చెప్పే పిన్నిగారు ఒకరోజు పైకొచ్చి, బంతిని అవతల పెట్టి, "అమ్మాయ్, ఆదితాళం వెయ్యి చూద్దాం" అన్నారు. ఒక దెబ్బ, తర్వాత చిటికెన వేలు, ఉంగరపు వేలు, మధ్యవేలు. ఆపైన రెండుసార్లు దెబ్బ, తిప్పు. ఎనిమిది లెక్కలు. చిన్నప్పుడు విజయనగరంలో రెండేళ్లు నేర్చుకున్నదే. ఇప్పుడు ఉంగరపు వేలు దానంతటది లేవదు, పక్కవాళ్లని లాక్కుని లేస్తుంది. అది విడిగా లేవడానికి నెలన్నర పట్టింది. మాయామాళవగౌళ రాగంలో సరళీ వరసలు, అంటే సంగీతంలో తొలి పాఠాలు, మళ్లీ మొదటి నుంచి. స నుంచి పై స దాకా ఒక్క ఊపిరిలో పాడిన రోజు ఇద్దరం కాఫీ తాగాం. ఆస్పత్రిలో అంకెలు, ఇక్కడ స్వరాలు. ఊపిరి అదే.

జనవరిలో చేతికర్రతో వరండాలో నడుస్తుంటే పిన్నిగారు లోపలినుంచే చెవి ఒగ్గి, "నీ నడక మిశ్రచాపులో ఉందే!" అన్నారు. నిజమే. కుడికాలు తకిట, ఎడమకాలు తకధిమి. మూడూ నాలుగూ ఏడు, మిశ్రచాపు తాళం లెక్క అదే. కుంటుతున్నావని ఎవరన్నా చివుక్కుమనేది, ఈ మాటకి మాత్రం పగలబడి నవ్వాను.

తర్వాత బీచ్‌రోడ్డు. తెల్లవారుజామున అక్కడ బళ్లు రానివ్వరు కాబట్టి కర్రతో నడిచేవాళ్లకి ధైర్యం. అక్కడ ఒడ్డున మ్యూజియంగా పెట్టిన కురుసుర జలాంతర్గామి పొడవు 91 మీటర్లు. నా కొలబద్ద అదే. మొదటిరోజు ఒక కురుసుర, నెలకి నాలుగు కురుసురలు. దక్షిణాన డాల్ఫిన్స్ నోస్ కొండ, ఎదురుగా సూర్యుడు, చెప్పులిప్పితే తడి ఇసుక. ఇసుక ఎంత చల్లగా ఉందో అరికాలికి తెలిసిందని ఇంటికి ఫోన్ చేసి మరీ చెప్పాను. తెప్ప దగ్గర చేపలు ఏరుతున్న ఒకావిడ నన్ను రోజూ చూసి చూసి, "ఏటమ్మా, ఇయ్యాల కర్ర తేలేదేటి?" అని ఆమే ముందు కనిపెట్టింది. మార్చి రెండో వారం అది.

ఆ సంబరంలో కైలాసగిరి మెట్లెక్కాను. సగం కూడా కాలేదు. తర్వాత మూడు రోజులు మంచం దిగలేదు. "మర్నాడు నీరసం పెరిగిందంటే నిన్న ఎక్కువ చేసినట్టు మేడమ్" అని ఫిజియో కుర్రాడు చెబుతూనే ఉన్నాడు. చూడ్డానికి వచ్చినవాళ్లంతా విల్‌పవర్ గురించి చెప్పి వెళ్లేవారు. తొడుగే కాక లోపలి తీగ కూడా దెబ్బతింటే, అది మళ్లీ పెరిగేది రోజుకి సుమారు ఒక మిల్లీమీటరు. దానికి నా విల్‌పవర్ ఏం తెలుసు?

నాకు నయమైతే సింహాచలం గిరిప్రదక్షిణ చేయిస్తానని మా అక్క మొక్కుకుంది. 32 కిలోమీటర్లు! "మొక్కింది నువ్వు, నడువు నువ్వే" అన్నాను. ఆషాఢ పౌర్ణమికి ముందురోజు అది నడిచింది. నేను కాలనీ రోడ్డు పక్కన కుర్చీ వేసుకుని మజ్జిగ గ్లాసులు అందించాను, పక్కన పిన్నిగారు. అడవివరం, హనుమంతవాక, జోడుగుళ్లపాలెం దాటి మా దగ్గరికి వచ్చేసరికి రాత్రి పదయింది. ఉత్త పాదాలు, వేల మంది. బొబ్బలెక్కి ఒక కాలు ఆనించి ఆనించనట్టు వేస్తున్నారు. పిన్నిగారు మజ్జిగ కలపడం ఆపి, నా తొడ మీద వేలితో తట్టారు. తకిట తకధిమి, తకిట తకధిమి. ఆ గుంపులోంచే మా అక్క వచ్చి గ్లాసు లాక్కుని, "ఎందుకే ఇద్దరూ అలా నవ్వుతారు?" అంది.