‘ఎగ్జాక్ట్లీ’ నోటికి పట్టించడం: నా అనుభవం

గుంటూరులో స్పోకెన్ ఇంగ్లీషు చెప్పేటప్పుడు ‘ఎగ్జాక్ట్లీ’ని అర్థంతో మొదలుపెట్టను. అర్థం అందరికీ తెలుసు. చిక్కంతా మన తెలుగుతోనే. ‘రేపు ఖచ్చితంగా వస్తాను’ అన్నప్పుడు మనం మాట ఇస్తున్నాం, అక్కడ ‘డెఫినెట్లీ’ పడాలి. ‘ఐ విల్ ఎగ్జాక్ట్లీ కమ్’ కుదరదు. ‘ఫోను సరిగ్గా వినపడట్లేదు’లో సరిగ్గా అంటే స్పష్టంగా, కాబట్టి ‘క్లియర్లీ’. ‘సరిగ్గా పదింటికి’ అన్నప్పుడు మాత్రం అటూ ఇటూ కాకుండా ఒక్కచోట వేలు పెడుతున్నాం. అందుకని ముందు తెలుగు వాక్యాలే ఇచ్చి, ఇది మాట ఇవ్వడమా, స్పష్టతా, కొలతా అని విడదీయిస్తాను. కొలత అని తేలినచోటే ఎగ్జాక్ట్లీ.

‘కరెక్టుగా పదింటికి’ అనే అలవాటు కొద్దీ ‘కరెక్ట్లీ ఎట్ టెన్’ అంటారు. ‘ఎట్ ఎగ్జాక్ట్లీ టెన్’, ‘ఎగ్జాక్ట్లీ ఎట్ టెన్’ రెండూ చెల్లుతాయి. ‘షార్ప్’ అయితే టైము తర్వాతే రావాలి: ‘టెన్ ఓ క్లాక్ షార్ప్’. ఇంకొకటి, ‘ఎగ్జాక్ట్లీ అబౌట్’ అని జతచేయకూడదు. గుంటూరు నుంచి విజయవాడ ‘అబౌట్ 35 కిలోమీటర్స్’. ఎక్కడి నుంచి ఎక్కడికో చెప్పకుండా ఆ అంకె ముందు ఎగ్జాక్ట్లీ పెడితే నిలవదు. లెక్కపెట్టి చేతిలో పెట్టిన 500 రూపాయలకైతే నిలుస్తుంది.

పలికేటప్పుడు బరువు రెండో అక్షరం మీద: ఇగ్‌-జాక్ట్‌-లీ. ‘ఎగ్జాక్టులీ’ అని మధ్యలో ఉకారం దూర్చకపోతే చాలు. ‘ట్’ కాస్త మింగేసినా తప్పులేదు, ఇంగ్లీషువాళ్లూ మింగుతారు.

ఎక్కువ సేపు పట్టేది ప్రశ్నల దగ్గర. దీనికి బ్రాడీపేట అడ్రసులే నా పాఠ్యపుస్తకం, అక్కడంతా లైన్లూ అడ్డరోడ్లే కదా.

‘వేర్ డూ యూ లివ్?’
‘బ్రాడీపేట.’
‘వేర్ ఎగ్జాక్ట్లీ?’
‘ఫోర్త్ లైన్, ఫోర్టీంత్ క్రాస్ రోడ్.’

ప్రశ్నపదం పక్కన పెట్టినా, ‘వేర్ డూ యూ లివ్, ఎగ్జాక్ట్లీ?’ అని చివర పెట్టినా సరే. ఇక్కడ దీనికి దగ్గరి తెలుగు ‘సరిగ్గా’ కాదు, ‘ఇంతకీ’, ‘అసలు’. ‘వాట్ ఎగ్జాక్ట్లీ ఈజ్ ద ప్రాబ్లం?’ అంటే ‘ఇంతకీ సమస్యేంటి?’ గొంతు పెరిగిందా, అదే మాట ‘అసలు నీ బాధేంటి?’ అవుతుంది. ‘వాట్ ఎగ్జాక్ట్లీ ఆర్ యూ డూయింగ్?’ అని మేనేజరు అడిగితే అది ప్రశ్న కాకపోవచ్చు, మందలింపు కావచ్చు. మనం పైవాళ్లను అడగాల్సి వస్తే ‘కుడ్ యూ టెల్ మీ ఎగ్జాక్ట్లీ వాట్ యూ నీడ్?’ అని మెత్తగా తిప్పి అడిగిస్తాను. ఇది నోటికొచ్చేదాకా ముందుకు కదలను.

ఒంటరిగా ‘ఎగ్జాక్ట్లీ!’ అంటే ‘అదే నేననేది!’ అని. ఎదుటివాళ్లు చెప్పిన అభిప్రాయానికే ఇది జవాబు. ‘కెన్ యూ జాయిన్ ఆన్ మండే?’ అంటే ‘ఎగ్జాక్ట్లీ’ అనేవాళ్లున్నారు; అక్కడ ‘సర్టెన్లీ’ అనాలి. ఇంటర్వ్యూ చేసే పెద్దాయన అనే మాటమాటకీ మనం ‘ఎగ్జాక్ట్లీ’ కొడుతుంటే, ఆయన మాటలకు మార్కులు వేస్తున్నట్టుంటుంది. నన్నడిగితే ఒకసారి చాలు.

‘నాట్ ఎగ్జాక్ట్లీ’ మర్యాదగా కాదనడం. ‘ఆర్ యూ ఎ ఫ్రెషర్?’ అంటే ‘నాట్ ఎగ్జాక్ట్లీ. ఐ డిడ్ ఏన్ ఇంటర్న్‌షిప్.’ వెనకాల ఆ వివరణ లేకపోతే దాటవేసినట్టుంటుంది. దీనికే ఒక వెటకారపు వాడకం ఉంది: మే నెల్లో బెజవాడలో దిగి ‘ఇట్ ఈజ్ నాట్ ఎగ్జాక్ట్లీ కూల్ హియర్’ అంటే ఎండ మండిపోతోందని. దీన్ని అన్నిటికంటే ఆఖర్న చెప్తాను. ముందే చెప్తే మర్యాదకూ వెటకారానికీ తేడా తెలియక ఇంటర్వ్యూలోనే అనేస్తారు.