మామయ్య పెళ్లి కథ, ఒక కోర్టు తీర్పు

2025 జూన్ 27న అమెరికా సుప్రీంకోర్టు తీర్పు వచ్చినప్పుడు మేము సెలవులకు కడపలో ఉన్నాం. కేసు మేముండే మేరీల్యాండ్ రాష్ట్రంలోని మాంట్‌గోమరీ కౌంటీ బడులదే. స్వలింగ జంటలు కనిపించే కథల పుస్తకాలు చదివే వేళ తమ పిల్లలను ఆ తరగతి నుంచి తప్పించాలని ముస్లిం, క్రైస్తవ తల్లిదండ్రులు కోరారు. మొదట ఒప్పుకున్న స్కూలు బోర్డు 2023లో వీల్లేదంది. కేసు పూర్తిగా తేలేవరకు ఆ పుస్తకాలు చదివే ముందు బోర్డు ఈ తల్లిదండ్రులకు చెప్పాలని, వద్దంటే వాళ్ల పిల్లలను ఆ తరగతి నుంచి వదిలేయాలని కోర్టు 6-3 తేడాతో ఆదేశించింది.

రిటైరైన ఉపాధ్యాయుడు కాబట్టి నాన్నకు వెంటనే మన రాజ్యాంగం గుర్తొచ్చింది. "28వ అధికరణం చూడమ్మా. ప్రభుత్వ సాయం తీసుకునే బడిలోనైనా, సంరక్షకులు ఒప్పుకోకుండా పిల్లలను మతబోధకు కూర్చోబెట్టకూడదు" అన్నారు. నిజమే. కానీ మతబోధ వేరు, పక్కన కూర్చున్న పిల్ల ఇంటి సంగతి వేరు. మా అమ్మాయి తరగతిలో ఇద్దరు తల్లులున్న పాప ఉంది. తన ఇల్లులాంటి ఇల్లు కథలో రాగానే నలుగురు లేచి వెళ్లిపోతే ఆ పసి మనసు ఏమైపోవాలి?

ఆ పుస్తకాల్లో ఒకదాని కథ అమ్మకు చెప్పాను. ఒక పాపకు మామయ్య అంటే ప్రాణం. పెళ్లయ్యాక తనను పట్టించుకోడేమోనని బెంగ. ఆయన పెళ్లాడేది మరో మగవాణ్ని. అమ్మ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "పెళ్లయ్యాక కూడా పాపతో ఆడుకున్నాడా?" అని అడిగింది.

అలాగని బోర్డు చేసింది నాకు నచ్చలేదు. పిల్లకు ఏం చదివిస్తున్నారో ముందుగా తెలుసుకునే హక్కు నాది. అది చేతిలో ఉంటేనే నిశ్చింతగా పిల్లను ఆ తరగతిలో ఉంచగలను. వద్దని సంతకం పెట్టే ముస్లిం స్నేహితురాలిని కూడా తప్పుపట్టను. ఉగాదినాడు దేవుని కడప వెంకన్న గుడికి ముస్లింలు రావడం, హిందువులు పెద్ద దర్గాకు వెళ్లడం చూస్తూ పెరిగాను. రమ్మని ఎవరూ ఒత్తిడి చేయరు, వెళ్లొద్దని ఎవరూ ఆపరు. వెళ్లొచ్చినవాళ్ల నమ్మకం చెక్కుచెదరలేదు.

టీచరుకు రెండు విన్నపాలు రాశాను. ఏడాది మొదట్లోనే పుస్తకాల జాబితా పంపండి, మేమూ ఇంట్లో చదువుతాం. బయటికి వెళ్లే పిల్లలను వరండాలో నిలబెట్టకుండా లైబ్రరీలో వేరే పని ఇవ్వండి, వాళ్లూ చిన్నబుచ్చుకోకూడదు.