తొడ మీద దెబ్బ, పిక్కలో వాపు: డాప్లర్ స్కాన్ దాకా నా అనుభవం

మెట్ల మీద కాలు జారి పడ్డాను, తొడ పక్కభాగం మెట్టు అంచుకి బలంగా తగిలింది. ఎక్స్‌రేలో ఎముకకి ఏమీ కాలేదని తేలింది కాబట్టి ఇంట్లో అందరం హమ్మయ్య అనుకున్నాం. మర్నాటికి తొడంతా కమిలిపోయి నల్లబడింది, మధ్యలో గట్టిగా ఒక గడ్డ. సరే, దెబ్బ తగిలాక రక్తం గూడు కట్టడం మామూలేగా అనుకుంటే, ఆ నలుపు మెల్లగా మోకాలి వెనక్కి, అక్కణ్ణుంచి పిక్క మీదకి దిగింది. పిక్కకి దెబ్బే తగల్లేదు! దానికితోడు ఆ కాలు వాచింది. అప్పుడు మొదలైంది అసలు టెన్షన్.

డాక్టరు గారు రంగు వైపు పెద్దగా చూడనే లేదు. చర్మం కింద చిట్లిన సన్నని నాళాల్లోంచి కారిన రక్తం నిలబడి ఉన్నంతసేపూ బరువుకి కిందికే జారుతుంది, అందుకే తొడ దెబ్బకి పిక్క నల్లబడుతుంది, అది వేరే గాయం కాదు అన్నారు. ఇంకో మాట కూడా చెప్పారు, అది విన్నాక సగం భయం పోయింది: గూడు కట్టిన ఆ రక్తం నాళం బయట ఉంది, అది గుండెకో ఊపిరితిత్తులకో పోయే దారి లేదు. భయపడాల్సింది కంటికి కనబడని దాని గురించి, అంటే లోపలి పెద్ద సిరలో రక్తం గడ్డకట్టడం, డీవీటీ అంటారే అది. అందులో ముక్క ఊడితే నేరుగా ఊపిరితిత్తులకే పోతుంది.

మరి నాకు ఆ అనుమానం ఎందుకంటే, దెబ్బకి సిర గోడ దెబ్బతినొచ్చు, గాయమైన ఒంట్లో రక్తం త్వరగా గడ్డకడుతుంది, నేనేమో నొప్పికి మంచం దిగడం లేదు కాబట్టి కాళ్లలో రక్తం నెమ్మదిగా నడుస్తోంది. టేపు పెట్టి మోకాలి కింద ఎముక బొడిపె నుంచి 10 సెంటీమీటర్ల కింద రెండు పిక్కల చుట్టుకొలతా తీశారు, తేడా 3 సెంటీమీటర్లు దాటితే అనుమానం బలపడుతుందట. నాది దాటలేదు గానీ, వేలితో నొక్కితే ఆ కాలి మీద మాత్రమే గుంట పడి అలాగే ఉండిపోయింది. తర్వాత ప్రశ్నలు: ఇంతకుముందు ఎప్పుడైనా గడ్డకట్టిందా, ఇంట్లో ఎవరికైనా ఉందా, ఈమధ్య ఆపరేషన్, క్యాన్సర్ చికిత్స, హార్మోన్ మాత్రలు, రక్తం పలచబడే మందులు ఏమైనా ఉన్నాయా అని. చివర్లో డాప్లర్ రాశారు, అంటే రక్తనాళాల్లో రక్తం ఎలా పారుతోందో చూసే అల్ట్రాసౌండ్ స్కాన్.

డీ-డైమర్ అని, గడ్డకట్టిన రక్తం కరిగేటప్పుడు విడిపోయే పదార్థాన్ని కొలిచే రక్తపరీక్ష ఉంది కదా, దానితో తేలిపోదా అని అడిగాను. గూడు కట్టిన రక్తం కరిగేటప్పుడు కూడా ఆ విలువ పెరుగుతుంది, మీకు ఎక్కువ వచ్చినా అది దేని వల్లో తెలియదు అన్నారు. ముందుజాగ్రత్తగా రక్తం పలచబడే మందు వేసుకోకూడదా అంటే ఆయన నవ్వేశారు. ఒకవేళ సిరలో గడ్డ ఉంటే ఆ మందే ప్రాణం కాపాడేది, లేకపోతే అదే మందుకి తొడలో రక్తస్రావం పెరిగి అక్కడ గూడు కట్టిన రక్తం ఇంకా పెద్దదవుతుంది. కాలు అదే, వాపు అదే, వైద్యం మాత్రం పూర్తిగా ఎదురు! నా మట్టుకు నాకు ఈ మొత్తం వ్యవహారంలో ఇదే అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి.

స్కాన్‌లో కష్టం ఏమీ లేదు, కమిలిన చోట నొక్కినప్పుడు తప్ప. జెల్ రాసి గజ్జల దగ్గర మొదలుపెట్టి ప్రతి కాస్త దూరానికీ ప్రోబ్‌తో నొక్కుకుంటూ కిందికి వచ్చారు. తెరమీద పక్కపక్కనే రెండు నల్లటి గుండ్రాలు, ఒకటి ధమని, ఒకటి సిర. నొక్కగానే సిర కన్ను మూసినట్టు మూసుకుంటోంది, వదిలితే తెరుచుకుంటోంది. లోపల గడ్డ ఉంటే అలా మూసుకోదు. అన్నిచోట్లా మూసుకుంది. అయినా వాపు తగ్గకపోయినా పెరిగినా వారంలో మళ్ళీ స్కాన్‌కి రమ్మన్నారు, ఎందుకంటే పిక్కలో చిన్నగా మొదలైనది మొదటిసారి దొరక్కపోవచ్చు.

ఏం జరిగితే ఆగకూడదో కూడా చెప్పారు. నొప్పి గంటగంటకీ పెరిగి, మాత్రకి లొంగకుండా, కాలి వేళ్లు ఎవరైనా వంచితే ప్రాణం పోయేంత బాధ, కండ బిగుసుకుపోవడం, తిమ్మిరి ఉంటే కండరం లోపల ఒత్తిడి పెరిగినట్టు, తెల్లారేదాకా చూద్దాం అనుకోకూడదు. ఉన్నట్టుండి ఆయాసం, ఊపిరి పీలిస్తే ఛాతీలో పోటు, దగ్గులో రక్తం, కళ్లు తిరిగి పడిపోవడం, వీటికి నేరుగా అంబులెన్సే.

మిగతాదంతా ఓపిక. మొదటి రెండు మూడు రోజులు గుడ్డలో చుట్టిన ఐసు ఓ పావుగంట చొప్పున, కాలు ఎత్తులో, నొప్పికి పారాసిటమాల్. ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ లాంటివి సొంతంగా వేసుకోవద్దన్నారు, రక్తస్రావం పెరగొచ్చని. గంటకోసారి లేచి ఇంట్లోనే నడిచాను. ఇంట్లో అందరూ గట్టిగా రుద్దితే గడ్డ కరుగుతుందని వెంటపడ్డారు గానీ ఫిజియో ససేమిరా వద్దన్నారు, తొడ కండలో గూడు కట్టిన రక్తాన్ని రుద్దితే అక్కడ ఎముకలాగా గట్టిపడే ప్రమాదం ఉందట. మచ్చ ఆకుపచ్చగా మారి, పసుపై, పోయింది. గడ్డ మాత్రం ఇంకా వేలికి తగులుతోంది, మోకాలు పూర్తిగా మడవగలిగేదాకా వ్యాయామాలు ఆపొద్దన్నారు.